సినిమా హాలులో రంగస్థల నాటకం చూడాలంటే: టికెట్ కొనడం మొదలు తెర దిగే దాకా

పేరున్న నాటకశాలలో ఆడిన నాటకాన్నో, పాటలతో నడిచే ఒపెరానో చిత్రీకరించి దగ్గరలోని సినిమా హాలులో వేస్తున్నారని తెలిసినప్పుడల్లా పాఠకులు అటూ ఇటూగా ఒకే ప్రశ్న అడుగుతున్నారు: మామూలు సినిమాకు వెళ్లినట్టే వెళ్లవచ్చా, లేక ముందుగా చూసుకోవలసినవి ఏమైనా ఉన్నాయా? వెళ్లవచ్చు. కానీ మామూలు సినిమాకు వెళ్లినట్టు వెళ్లినవారు మొదటి దృశ్యమో, సబ్‌టైటిళ్లో, ఒక్కోసారి తాము కోరుకున్న నాటకాన్నే పూర్తిగానో పోగొట్టుకుని రావడం తరచుగా జరుగుతోంది.

దీనికి కారణం ఒక్కటే. సినిమా హాలు పద్ధతులన్నీ ఒకే చిత్రాన్ని రోజుకు నాలుగైదు ఆటల చొప్పున వారాల తరబడి ఆడించడానికి ఏర్పడినవి. చిత్రీకరించిన నాటకానికి చాలా హాళ్లలో ఒకే ఒక్క ఆట ఉంటుంది, మహా అయితే మరొకటి. సినిమా విషయంలో పొరపాటు జరిగితే మరునాటి ఆటకు వెళ్లి దిద్దుకోవచ్చు. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. అందువల్ల పని అంతా హాలులో కూర్చోవడానికి ముందే పూర్తి కావాలి.

ఇది కొత్త వింత కాదు. 1964లో రిచర్డ్ బర్టన్ నటించిన ‘హామ్లెట్’ను న్యూయార్క్ నాటకశాలల కేంద్రమైన బ్రాడ్‌వేలో ఆడుతున్న రోజుల్లోనే ఎలక్ట్రానోవిజన్ అనే పద్ధతిలో చిత్రీకరించి, రెండు రోజుల పాటు మాత్రమే సినిమా హాళ్లలో వేశారు. హాళ్లకు క్రమం తప్పకుండా ప్రత్యక్ష ప్రసారాలు అందించడాన్ని న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ ఒపెరా 2006 డిసెంబరులోనూ, లండన్‌లోని నేషనల్ థియేటర్ 2009 జూన్‌లోనూ ప్రారంభించాయి. చరిత్ర ఇంతవరకు చాలు, పనిలోకి వెళదాం.

ముందుగా దగ్గర ఉంచుకోవలసినవి

• నాటకం పేరుతో పాటు దర్శకుల పేరు, ప్రధాన పాత్రధారుల పేర్లు, చిత్రీకరించిన నాటకశాల, సంవత్సరం. ఈ నాలుగూ కాగితం మీద రాసుకోండి. మొదటి మెట్టులోనే వీటి అవసరం పడుతుంది.
• విరామాలతో కలిపి మొత్తం నిడివి.
• ఆ ఆట ప్రత్యక్ష ప్రసారమా, కొంత ఆలస్యంగా వేసేదా, పాత చిత్రీకరణకు పునఃప్రదర్శనా అన్న సమాచారం.
• సబ్‌టైటిళ్లు ఉంటాయా, ఉంటే ఏ భాషలో ఉంటాయి అన్న సమాచారం.
• హాలు ఫోన్ నంబరు. బుకింగ్ యాప్ వారిది కాదు, హాలుదే.
• ఒకటి రెండు పేజీల కథాసంగ్రహం.
• మూడు గంటలకు పైగా ఏసీలో కూర్చోవలసి వస్తుంది కనుక, చలికి తట్టుకోలేని వారికి ఒక శాలువా.

1. మీరు చూడదలచినది ఏ ప్రదర్శనో తేల్చుకోండి

పాత నాటకాలను ఎన్నో సంస్థలు ఆడతాయి, ఎందరో చిత్రీకరిస్తారు, సినిమాలుగా కూడా తీస్తారు. పేరు ఒక్కటే చూసి టికెట్ కొంటే ఎక్కడ తేలతామో చెప్పలేము. దీనికి ‘మాక్‌బెత్’ మంచి ఉదాహరణ. సైమన్ గాడ్విన్ దర్శకత్వంలో రాల్ఫ్ ఫైన్స్, ఇందిరా వర్మ నటించిన ప్రదర్శన 2024లో సినిమా హాళ్లకు వచ్చింది. మాక్స్ వెబ్‌స్టర్ దర్శకత్వంలో డేవిడ్ టెనెంట్, కుష్ జంబో డాన్మార్ వేర్‌హౌస్ నాటకశాలలో నటించినది 2025 ఆరంభంలో వచ్చింది. రెండింటికీ పేరు ఒక్కటే, మూలపాఠమూ ఒక్కటే, అయినా చూసే అనుభవంలో పోలిక తక్కువ. టెనెంట్ ప్రదర్శనకు నాటకశాలలోని ప్రేక్షకులందరికీ హెడ్‌ఫోన్లు ఇచ్చి, సంభాషణలను గుసగుసల స్థాయిలో వినిపించారు. శబ్దం మీద అంతగా ఆధారపడిన ప్రదర్శనను ధ్వని బాగున్న హాలులో చూడడం వేరు, అంతంత మాత్రపు హాలులో చూడడం వేరు.

ఒకే ప్రదర్శనకు రెండు రూపాలు ఉండడం కూడా కద్దు. డానీ బాయిల్ దర్శకత్వంలో 2011లో నేషనల్ థియేటర్ ఆడిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’లో బెనెడిక్ట్ కంబర్‌బాచ్, జానీ లీ మిల్లర్ ఒక రోజు సృష్టికర్తగా, మరో రోజు అతడు సృష్టించిన ప్రాణిగా పాత్రలు మార్చుకుంటూ నటించారు; రెండు కూర్పులనూ విడివిడిగా చిత్రీకరించారు. బుకింగ్ పేజీలో ఎవరు ఏ పాత్రలో ఉన్నారో చిన్న అక్షరాలలో ఉంటుంది, వెతికి చదవండి. రెండూ చూసే అవకాశం దొరికితే రెండూ చూడవలసినవే అని నా అభిప్రాయం.

హెచ్చరిక: కొన్ని నాటకాలు రెండు భాగాలుగా ఉంటాయి, ఒక్కో భాగానికి టికెట్ వేరు. 2017లో వచ్చిన ‘ఏంజెల్స్ ఇన్ అమెరికా’ అటువంటిది. రెండు భాగాలూ కలిపితే దాదాపు ఎనిమిది గంటలు. రెండవ భాగానికి మాత్రమే టికెట్ కొని వెళ్లినవారికి కథ మధ్యలో దిగినట్టు ఉంటుంది. పేరు పక్కన ‘పార్ట్ వన్’, ‘పార్ట్ టూ’ అన్న మాటలు ఉన్నాయేమో చూసుకోండి.

ఎలా నిర్ధారించుకోవాలి: మీరు రాసుకున్న నాలుగు వివరాలలో కనీసం మూడు హాలు ప్రకటనతో సరిపోవాలి. దర్శకుల పేరు సరిపోకపోతే, మిగిలినవన్నీ సరిపోయినట్టు కనిపించినా ఆగండి.

2. ఎక్కడ వేస్తున్నారో వెతకండి

రెండు వైపుల నుంచి వెతకాలి. మొదటిది, నాటకాన్ని పంపిణీ చేసే సంస్థ వెబ్‌సైటు. నేషనల్ థియేటర్ లైవ్, మెట్రోపాలిటన్ ఒపెరా వంటి సంస్థల సైట్లలో ఊరి పేరు ఇస్తే సమీపంలోని హాళ్లను చూపే సౌకర్యం ఉంటుంది. రెండవది, హాలు సొంత సైటు. అక్కడ ఇవి సినిమాల జాబితాలో కాకుండా ‘ఈవెంట్స్’, ‘స్పెషల్ స్క్రీనింగ్స్’ వంటి విడి విభాగంలో ఉండవచ్చు. ఈ రోజు, రేపు ఆడే ఆటలను మాత్రమే చూపే యాప్‌లలో వెతికి, లేదనుకుని ఊరుకునేవారు చాలామంది. తేదీని ముందుకు జరిపి చూడండి. టికెట్లు కొన్ని వారాల ముందే అమ్మకానికి పెట్టడం సాధారణం.

రెండు చోట్లా వివరాలు వేరుగా ఉంటే హాలు చెప్పిన సమయాన్నే నమ్మండి, అయినా ఫోన్ చేసి అడగండి. పెద్ద హాళ్లలో దొరకకపోతే కళాకేంద్రాలను, విశ్వవిద్యాలయాల ప్రేక్షకశాలలను, ఫిల్మ్ సొసైటీలను కూడా చూడండి, ఎందుకంటే ఇటువంటి ప్రదర్శనలను వాణిజ్య హాళ్ల కంటే ఎక్కువ శ్రద్ధగా వేసే చోట్లు అవే.

3. ప్రత్యక్షమా, ఆలస్యమా, పునఃప్రదర్శనా?

‘లైవ్’ అన్న మాటను చూసి అన్నీ ప్రత్యక్ష ప్రసారాలే అనుకోకండి. నేషనల్ థియేటర్ వారి సిరీస్ పేరులోనే ఆ మాట ఉంది. సంవత్సరాల క్రితం చిత్రీకరించిన నాటకాన్ని వేసినా అదే పేరుతో వేస్తారు. ‘ఎన్‌కోర్’ అని ఉంటే అది పునఃప్రదర్శన. చిత్రీకరణకూ విడుదలకూ మధ్య ఎంత కాలమైనా గడిచి ఉండవచ్చు: ‘హామిల్టన్’ సంగీత నాటకాన్ని 2016లో చిత్రీకరించారు, అది సినిమా హాళ్లకు వచ్చింది 2025లో.

వీటిలో ఏది మేలు? అసలు ప్రత్యక్ష ప్రసారమైతే, ఎక్కడో నటిస్తున్న క్షణంలోనే మీరూ చూస్తున్నారన్న ఉద్వేగం ఉంటుంది. అదే సమయంలో ఉపగ్రహ సంకేతం తెగిపోయే ప్రమాదమూ ఉంటుంది. పునఃప్రదర్శనకు ఫైలు ముందుగానే హాలుకు చేరుతుంది కనుక ఆ బెడద తక్కువ, అవసరమైతే ధ్వనినీ కూర్పునూ మెరుగుపరచి పంపే వీలూ ఉంటుంది. మొదటిసారి వెళ్లేవారు పునఃప్రదర్శన ఎంచుకోవడమే మంచిదని నేను చెబుతాను.

హెచ్చరిక: ప్రత్యక్ష ప్రసార సమయాన్ని నాటకశాల సైటులో చూసి మీ ఊరి కాలానికి మీరే లెక్కగట్టుకుంటే వేసవి కాలమానం దగ్గర తప్పు జరుగుతుంది. అమెరికాలో గడియారాలు మార్చి రెండవ ఆదివారం ముందుకు జరిగి, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి వస్తాయి. బ్రిటన్‌లో మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం ఆ పని జరుగుతుంది. అందుకని సాధారణంగా న్యూయార్క్, లండన్ మధ్య ఉండే 5 గంటల తేడా మార్చిలో రెండు మూడు వారాలూ, శరదృతువులో ఒక వారమూ 4 గంటలవుతుంది. గడియారాలు మార్చని దేశాలలో ఉన్నవారికి ఆ రెండు నగరాలతోనూ తేడా ఏడాదికి రెండుసార్లు మారుతుంది. టికెట్ మీద ముద్రించినది హాలు ఉన్న ఊరి సమయమే, దాన్నే పాటించండి.

4. నిడివి లెక్క వేసుకోండి

యాప్‌లో చూపే నిడివిలో విరామం కలిసి ఉండవచ్చు, ఉండకపోవచ్చు. సాధారణ నాటకం విరామంతో రెండున్నర నుంచి మూడు గంటల దాకా పడుతుంది. విరామమే లేని గంటన్నర నాటకాలూ ఉన్నాయి. జర్మన్ స్వరకర్త వాగ్నర్ ఒపెరాలు కొన్ని విరామాలతో కలిపి ఆరు గంటల దాకా సాగుతాయి. ఇంటికి చేరడానికి చివరి బస్సో రైలో పట్టుకోవలసిన వారు ప్రకటించిన నిడివికి అరగంట కలిపి చూసుకోండి. ప్రత్యక్ష ప్రసారంలో నాటకశాలలో ఆలస్యం జరిగితే హాలులోనూ అంతే ఆలస్యం జరుగుతుంది, దానికి ఎవరూ ఏమీ చేయలేరు.

పిల్లలను తీసుకువెళ్లేవారు నాటకశాల సైటులోని వయసు సూచన చదవాలి. నగ్నత్వం, హింస, కళ్లు చెదిరే మెరుపు దీపాలు వంటివాటి గురించి సమాచారం హాలు పోస్టరులో కంటే అక్కడే స్పష్టంగా ఉంటుంది.

5. తెరనూ సీటునూ ఎంచుకోండి

ఇక్కడ కొంచెం లెక్క అవసరం. నాటకాల చిత్రీకరణలు ఎక్కువగా టీవీ తెర ఆకారంలో, అంటే 16:9 నిష్పత్తిలో ఉంటాయి. సినిమా తెరలు రెండు రకాలు: ఎత్తుకు 1.85 రెట్లు వెడల్పు ఉన్నవి, 2.39 రెట్లు వెడల్పు ఉన్నవి. మొదటి రకం మీద నాటకం దాదాపు తెరంతా నిండుతుంది. రెండవ రకం మీద ఎత్తు నిండినా వెడల్పులో సుమారు నాలుగింట మూడు వంతులే నిండుతుంది, మిగిలిన భాగం రెండు పక్కలా నల్లగా ఉంటుంది. అంటే బాగా వెడల్పాటి తెర ఉన్న ‘పెద్ద స్క్రీన్’ కోసం ఎక్కువ డబ్బు పెట్టినవారికి నాటకం విషయంలో అంత లాభం రాదు. ఎంపిక ఉంటే మొదటి రకం తెర ఉన్న హాలును తీసుకోండి. తెర ఆకారం తెలియకపోతే హాలుకు ఫోన్ చేసినప్పుడే అడగండి.

సీటు విషయంలో మూడు సూత్రాలు చాలు.

మధ్య గీతకు దగ్గరగా కూర్చోండి. తెర నుంచి హాలు పొడవులో మూడింట రెండు వంతుల దూరం దగ్గర ధ్వని సరిగ్గా కుదిరేలా హాళ్లను అమర్చడం ఆనవాయితీ, కాబట్టి అక్కడి నుంచి మొదలుపెట్టి వెతకండి. నల్ల పట్టీలతో చిత్రం చిన్నదయ్యే హాలైతే ఒకటి రెండు వరుసలు ముందుకు రండి.

ముందు వరుసలు వద్దు. నాటకశాలలో మొదటి వరుస గొప్ప చోటే కావచ్చు, సినిమా హాలులో కాదు. కెమెరా నటుల ముఖాలను ఇప్పటికే దగ్గరకు తెచ్చింది. మీరు మరింత దగ్గరకు వెళితే మూడు గంటలు మెడ ఎత్తి ముఖం మీది చెమట చుక్కలు చూడడమే అవుతుంది.

సబ్‌టైటిళ్లు చదవవలసిన వారు వరుసల మధ్య ఎత్తు తేడా బాగా ఉన్న చోట కూర్చోవాలి. అక్షరాలు తెర అడుగున వస్తాయి, ముందువారి తల ముందుగా కప్పేది వాటినే.

6. టికెట్ కొనే ముందు నిబంధనలు చదవండి

నెలవారీ పాస్‌లు, తగ్గింపు కూపన్లు, ఉచిత టికెట్ పాయింట్లు ఇటువంటి ప్రత్యేక ప్రదర్శనలకు చెల్లకపోవడం చాలా హాళ్లలో ఉన్నదే. ధర కూడా సినిమా టికెట్ కంటే ఎక్కువగా ఉండవచ్చు. రద్దు చేసుకునే వీలుందా, ప్రసారం ఆగిపోతే డబ్బు వాపసు ఇస్తారా, లేక మరో ఆటకు మార్చి ఇస్తారా అన్నవి ఈ దశలోనే తెలుసుకోండి. గొడవ జరిగిన తరువాత నిబంధనలు వెతకడం కష్టం. ఆట ముగిసే దాకా టికెట్‌ను పారేయకండి, ఫోన్ నుంచి తొలగించకండి.

7. భాషకు సిద్ధం కండి

ఒపెరాలకు సబ్‌టైటిళ్లు ఉండడం రివాజు. ఇంగ్లిష్ నాటకాలకు ఆ భరోసా లేదు. చాలా ఆటలు సబ్‌టైటిళ్లు లేకుండానే ఆడతాయి, కొన్ని హాళ్లు మాత్రం వినికిడి లోపం ఉన్నవారి కోసం క్యాప్షన్లు ఉన్న ఆటను విడిగా వేస్తాయి. ఇంగ్లిష్ చదవడం వచ్చినా వేదిక మీది యాసలను వేగంగా అందుకోలేని వారికి ఆ ఆటే మేలు. నిస్సంకోచంగా దాన్నే ఎంచుకోండి.

క్యాప్షన్లు లేకపోతే ముందు రోజు ఒక గంట కేటాయించండి. కథాసంగ్రహం చదివి, పాత్రల పేర్లూ వారి చుట్టరికాలూ ఒక చీటీ మీద రాసుకోండి. షేక్‌స్పియర్ నాటకమైతే మొదటి అంకాన్ని మూలంలోనో అనువాదంలోనో చదవడం ఎంతో ఉపయోగం, ఎందుకంటే మొదటి పదిహేను నిమిషాలలో ఎవరు ఎవరో అర్థమైతే తరువాతి భాగాన్ని నటన నడిపిస్తుంది. ముగింపు తెలిసిపోతుందని భయపడవలసిన పని లేదు. నాలుగు వందల ఏళ్లుగా ఆడుతున్న నాటకంలో దాగిన రహస్యం ఏముంటుంది? కొత్త నాటకమైతే మాత్రం సంగ్రహాన్ని విరామం వరకే చదివి ఆపండి.

8. ఆ రోజు సమయానికి ఇరవై నిమిషాల ముందే చేరండి

అన్నిటికంటే ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడ. సినిమాకు టికెట్ మీద ఏడు గంటలని ఉంటే ప్రకటనలూ ట్రైలర్లూ అయ్యేసరికి ఏడుంపావు దాటుతుందని అలవాటు పడి తాపీగా వస్తారు. ప్రత్యక్ష ప్రసారం ఎవరికోసమూ ఆగదు. ఏడంటే ఏడుకే మొదలవుతుంది. పునఃప్రదర్శనకు ముందు కొన్ని హాళ్లు ప్రకటనలు వేస్తాయి, కొన్ని వేయవు, దాన్ని నమ్ముకోకండి. విరామం లేని నాటకానికి ఆలస్యంగా వెళితే చీకటిలో పదిమంది కాళ్లు తొక్కుకుంటూ వెళ్లడం తప్పదు.

ముందుగా చేరడంలో మరో లాభం తరువాతి మెట్టు.

9. మొదటి ఐదు నిమిషాలలో తనిఖీ చేయండి

చాలా హాళ్లలో ఇప్పుడు ప్రొజెక్టరు గదిలో మనిషి ఉండరు. ఆటలు వేళకు తమంతట తామే మొదలయ్యేలా అమర్చి ఉంటాయి. సినిమాలకు ఇది సరిపోతుంది. ఎప్పుడో ఒకసారి వచ్చే నాటకానికి ముందు ఆటకు పెట్టిన అమరికలు అలాగే ఉండిపోయే అవకాశం ఉంది. లోపం ఉందని సిబ్బందికి తెలిసే మార్గం ప్రేక్షకులలో ఒకరు లేచి వెళ్లి చెప్పడమే. అందరూ ఎవరో ఒకరు చెబుతారులే అని కూర్చుంటే సగం నాటకం అలాగే గడుస్తుంది.

నాటకానికి ముందు తెర మీద నాటకశాల లోపలి దృశ్యమో, పరిచయ ప్రసంగమో కనిపిస్తుంది. తనిఖీకి సమయం అదే. వరుసగా ఇవి చూడండి.

ఆకారం: ముఖాలు సాగినట్టో, నొక్కినట్టో ఉన్నాయా? గుండ్రటి వస్తువులు గుండ్రంగానే ఉన్నాయా? తలలు పైన తెగిపోతున్నాయా? బాగా వెడల్పాటి తెర మీద పక్కన నల్ల పట్టీలు లేకుండా చిత్రం అంచుల దాకా నిండి ఉంటే సంతోషించకండి, చిత్రాన్ని సాగదీశారేమో, పైనా కిందా కత్తిరించారేమో అని అనుమానించండి.

ధ్వని: మాట తెర వైపు నుంచి వస్తోందా? చప్పట్లు చుట్టూ వినిపించినా ఫరవాలేదు, కానీ వక్త గొంతు వెనుక నుంచి వస్తే తప్పు ఉన్నట్టే. వక్త పెదవులను గమనించండి: ప, బ, మ పలికేటప్పుడు పెదవులు మూసుకుంటాయి కనుక, ఆ శబ్దమూ ఆ కదలికా కలిసి రావాలి. శబ్దం చిత్రం కంటే కొంచెం వెనుకబడితే మనసు సర్దుకుంటుంది, ముందుగా వస్తే మాత్రం త్వరగా పట్టుబడుతుంది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ప్రమాణం ప్రకారం శబ్దం 45 మిల్లీసెకన్లు ముందుకు వచ్చినా మనిషి గుర్తించగలడు, వెనుకబడితే 125 మిల్లీసెకన్ల దాకా గుర్తించలేడు.

స్థాయి: పరిచయంలోని మాటలు ప్రయాసపడి వినవలసి వస్తే నాటకంలో గుసగుసలు అసలే వినపడవు. పెంచమని అప్పుడే అడగండి.

సబ్‌టైటిళ్లు: ఉండాలని ప్రకటించి ఉంటే, మొదటి సంభాషణకే రావాలి, కింది గీత పూర్తిగా తెర మీద ఉండాలి.

దీపాలు: నాటకం మొదలైనా హాలులో దీపాలు సగం వెలుగుతూనే ఉంటే అది వాతావరణం కోసం పెట్టినది కాదు, మరిచిపోయినది.

లోపం కనిపిస్తే తలుపు దగ్గర ఉన్న కుర్రవాడికి చెప్పి వెనక్కి రాకండి. డ్యూటీ మేనేజరును పిలవమని అడిగి, లోపాన్ని ఒక్క వాక్యంలో చెప్పండి. ‘బాగా లేదు’ అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ‘మూడో స్క్రీనులో మాట పెదవుల కంటే ముందు వస్తోంది’ అంటే ఏం సవరించాలో వారికి తెలుస్తుంది.

లోపాలు కానివి

కొన్నింటిని లోపాలనుకుని ఆందోళన పడనవసరం లేదు. కదలికలు సినిమాలా కాకుండా టీవీ ప్రసారంలా మరీ నున్నగా కనిపించడం చిత్రీకరణ పద్ధతి వల్ల వచ్చేది. నుదుటి మీదో చెంప మీదో అతికించిన చిన్న మైకు కనిపించడం మామూలే. చివరి వరుస దాకా చేరేలా వేసిన మేకప్, అంతే పెద్దగా చేసిన హావభావాలు దగ్గరి షాట్‌లో కొంచెం అతిగా అనిపిస్తాయి. పది నిమిషాలలో కన్ను అలవాటు పడుతుంది. నాటకశాల ప్రేక్షకుల దగ్గులు, నవ్వులు వినిపిస్తాయి. వేదిక అంతా చూడాలని మీకు అనిపించిన క్షణంలో కెమెరా ఒక్క ముఖం మీదే నిలవడం కూడా జరుగుతుంది. అది కోపం తెప్పించే విషయమే, కానీ ఏ మేనేజరూ సవరించగలిగినది కాదు.

10. ప్రసారం తెగితే, విరామం వస్తే

ప్రత్యక్ష ప్రసారంలో చిత్రం గళ్లుగళ్లుగా విరిగితే, లేదా కొన్ని క్షణాలు నిలిచిపోతే కదలకండి. తరచుగా అదే సర్దుకుంటుంది. భారీ వర్షం కురుస్తున్నప్పుడు ఉపగ్రహ సంకేతం బలహీనపడడం సహజం. ఒకటి రెండు నిమిషాలు దాటినా తిరిగి రాకపోతే ఒకరు వెళ్లి చెప్పాలి. సమయం చూసుకుని, ఏ దృశ్యం దగ్గర ఆగిందో, ఎంతసేపు పోయిందో రాసుకోండి. ప్రత్యక్ష ప్రసారం వెనక్కి జరగదు, పోయిన భాగం పోయినట్టే. పునఃప్రదర్శన అయితే ఆగిన చోటు నుంచి మళ్లీ వేయమని అడగవచ్చు, అడగాలి కూడా.

నష్టపరిహారం అడిగేటప్పుడు డబ్బు వాపసుతో పాటు, అదే నాటకానికి పునఃప్రదర్శన ఉంటే దానికి టికెట్ ఇస్తారేమో అడగండి. నాటకం మీద ఆసక్తి ఉన్నవారికి రెండవదే ఎక్కువ పనికి వస్తుంది. ఆ రాత్రే, హాలు విడిచి వెళ్లే ముందే అడగడం మంచిది.

విరామం సాధారణంగా పదిహేను, ఇరవై నిమిషాలు. తెర మీద మిగిలిన సమయాన్ని చూపే గడియారం ఉంటుంది, దాన్ని ఫోటో తీసుకోకుండా మీ గడియారంతో సరిచూసుకుని బయటకు వెళ్లండి. ఒపెరా ప్రసారాలలో విరామ సమయంలోనే గాయకులతో ముఖాముఖి, తెర వెనుక రంగాలు మార్చే దృశ్యాలు చూపిస్తారు. కొందరికి ప్రదర్శన కంటే అవే ఎక్కువ నచ్చుతాయి, ఆశ్చర్యం లేదు. దీపాలు వెలగగానే నాటకం అయిపోయిందనుకుని ఇంటికి వెళ్లినవారూ ఉన్నారు కనుక, విరామాలు ఎన్నో ముందే తెలుసుకోమని చెప్పడం.

ఫోన్ గురించి ఒక్క మాట. చివరిలో నటులు వరుసగా నిలబడి వందనం చేసేటప్పుడు నాటకశాలలలో ఫోటోలు తీసుకోనిచ్చే చోట్లు ఉన్నాయి. సినిమా హాలులో తెరను చిత్రీకరించడం చాలా దేశాలలో చట్టవిరుద్ధం, అది వందనమైనా సరే. చప్పట్లు మాత్రం నిరభ్యంతరంగా కొట్టవచ్చు. నటులకు వినపడవని తెలిసీ కొట్టేవారిని చూసి నవ్వవలసిన పని లేదు.

తరచుగా జరిగే పొరపాట్లు

పైన చెప్పినవి కాక మరికొన్ని మిగిలాయి. పెద్ద బృందానికి టికెట్లు కొనేవారు అందరూ పక్కపక్కనే ఉండాలని ముందు వరుసలో అంచు సీట్లు తీసుకుంటారు. ఇద్దరిద్దరుగా విడిపోయి మధ్యలో కూర్చోవడం మేలు. మరికొందరు బుకింగ్ పేజీలో ఖాళీలు ఎక్కువ ఉన్నాయని చివరి రోజు దాకా ఆగుతారు. టికెట్లు అమ్ముడు పోకపోతే హాలు ఆ ఆటను రద్దు చేసి దాని స్థానంలో సినిమా వేయవచ్చు. వెళ్లాలని నిశ్చయించుకున్నవారు ముందే కొంటే ఆట నిలబడడానికీ అది సాయపడుతుంది. ముందే కొన్నవారు సైతం ఆట రోజు ఉదయం ఒకసారి ఈమెయిలు చూసుకోవాలి, ఎందుకంటే స్క్రీను మార్పులూ రద్దులూ అందులోనే తెలియజేస్తారు.

ఆట తప్పిపోతే

ముందుగా పునఃప్రదర్శన ఉందేమో చూడండి. ఆదరణ పొందిన నాటకాలు నెలల తరువాత, ఒక్కోసారి ఏళ్ల తరువాత మళ్లీ వస్తాయి. పంపిణీ సంస్థ ఈమెయిలు జాబితాలో చేరితే ఆ కబురు సకాలంలో అందుతుంది. ఇంట్లో చూడడానికి నేషనల్ థియేటర్ 2020 డిసెంబరులో ‘నేషనల్ థియేటర్ ఎట్ హోమ్’ పేరుతో చందా సేవ ప్రారంభించింది. మెట్రోపాలిటన్ ఒపెరాకూ అటువంటి సేవ ఉంది. హాళ్లలో వేసినవన్నీ అక్కడ ఉండవు, హక్కులను బట్టి దేశానికీ దేశానికీ జాబితా మారవచ్చు, కాబట్టి చందా కట్టే ముందు మీకు కావలసిన నాటకం మీ దేశంలో కనిపిస్తోందో లేదో వెతకండి. ఇంట్లో చూసేటప్పుడు టీవీ స్పీకర్ల కంటే హెడ్‌ఫోన్లు మేలు, సబ్‌టైటిళ్లను మీకు నచ్చినట్టు పెట్టుకునే సౌకర్యం ఎలాగూ ఉంటుంది. విరామం వచ్చే దాకా మాత్రం ఆపకుండా చూడండి.